చెక్కది, స్టీలుది

ఆ రోజు ఇంట్లో పిన్ని, బాబాయ్, అక్క, బాబాయ్ దగ్గర పనిచేసే మేస్త్రి, నేను ఉన్నాం. వాటిని కూడా లెక్కేయాలంటే డ్రమ్ములు బిగించే నాలుగు ఇనప స్టాండ్లు ఉన్నాయి. అవి ఆ పొద్దున్నే వచ్చాయి. నేను వచ్చి నాలుగు రోజులైనా నా సంచీ ఇంకా బీరువా పక్కన నేల మీదే ఉంది. స్టాండ్లకి మాత్రం వచ్చిన గంటలో గది దొరికింది.

అక్క అంటే పిన్ని కూతురు, నాకంటే పద్నాలుగు నెలలు పెద్ద. పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి మా ఊరినుంచి వాళ్ళింటికి వెళ్ళాను. అది నిరుటి మాట. ఈ ఏడాది కూడా రమ్మని పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. నేనే ఏదో వంక చెప్పాను.

బాబాయ్ సోఫాలు కుడతాడు. ముందుగది నిండా చట్రాలు, స్ప్రింగులు, రెగ్జిన్ చుట్టలు, జిగురు డబ్బాలు. ఆ జిగురు వాసనకి మొదటి రెండు రోజులు తల పగిలిపోతుంది, మూడో రోజునుంచి అన్నంలో కలిసినా తెలియదు. మేస్త్రికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర అరిస్తే సగం వింటాడు, మిగతా సగం మన మొహం చూసి ఊహించుకుంటాడు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పాటల బృందం ఒకటి ఉంది. వాళ్ళకి డ్రమ్ములు వాయించే ఆమె ఉద్యోగం మారి వెళ్ళిపోయింది. సెలవులు అయ్యేలోపు కొత్త మనిషిని ఎంచుకుంటామన్నారు. పెద్ద డ్రమ్ములు వాళ్ళ హాల్లోనే ఉంటాయి. స్నేర్ డ్రమ్ము, సింబల్స్, కాలితో తొక్కే పెడల్, కూర్చునే స్టూలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. స్నేర్ అంటే రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకునే చిన్న డ్రమ్ము. దాని అడుగున సన్నటి తీగలు బిగించి ఉంటాయి. పైన కొడితే కింద అవి చర్రుమంటాయి.

"అదొక్కటీ బాగుంటే చాలు. మిగతావన్నీ దాని చుట్టాలు," అంది అక్క. బళ్ళో ఉన్న డ్రమ్ముల మీద మూడేళ్ళు వాయించింది. ఇప్పుడు సొంతవి కావాలి.

స్టాండ్లు వెనకగదిలో సర్దాక బాబాయ్ టేపు తీసి అక్క కాలు కొలిచాడు. స్టూలు ఆయనే చేస్తానన్నాడు.

"మోకాలి కింద పదహారున్నర. నిటారుగా కూర్చో. నడుము వంగితే నీకే నష్టం. స్పాంజి మెత్తటిది వెయ్యనా, గట్టిదా?"

"మెత్తటిది వేస్తే నిద్రపోతుంది," అంది పిన్ని వంటగదిలోంచి.

"గట్టిదే నాన్నా."

బాబాయ్ ఆ కొలతని పెన్సిల్‌తో గోడ మీద రాశాడు. ఎవరెవరి సోఫాల కొలతలో ఉన్న గోడ అది. వాటి మధ్య అక్క మోకాలు చేరింది. నేను కూడా వెళ్ళి కాలు చాపి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. బాబాయ్ నవ్వి టేపు చుట్టేశాడు.

"నీకెందుకమ్మడూ? నువ్వు కూర్చునేది లేదు కదా."

మంచి మనిషి. తప్పుగా ఏమీ అనలేదు. ఆ రాత్రి డైరీలో మాత్రం పదహారున్నర అని రాసి, దాని చుట్టూ నల్లగా అయ్యేదాకా గీసుకుంటూ కూర్చున్నాను.

*

డ్రమ్ములమ్మే తాతయ్య కొట్టు సైకిలు షాపుల వీధి చివర ఉంది. కొత్తవీ అమ్ముతాడు, పాతవి బాగుచేసీ అమ్ముతాడు. మొదటిసారి సింబల్స్ కోసం వెళ్ళాం. ఆయన నాలుగు ఇత్తడి పళ్ళేలు తాళ్ళకి వేలాడదీశాడు. అక్క వరసగా కొట్టింది. మూడోది అన్నిటికంటే తళతళలాడుతోంది. అక్క దాన్నే పట్టుకుని వదల్లేదు.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అది పగిలింది," అన్నాను.

"ఏది?"

"మూడోది. చివర గరగరమంటోంది."

తాతయ్య దాన్ని దించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అంచు చుట్టూ గోరుతో గీస్తూ పోయాడు. ఒకచోట గోరు ఆగింది. వెంట్రుకంత చీలిక. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"నలభయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నా తల్లీ. నాకే దొరకలేదు. ఎక్కడ నేర్చుకున్నావు?"

ఎక్కడా నేర్చుకోలేదు. మా బళ్ళో ఖాళీ పీరియడ్లలో బల్ల మీద వేళ్ళతో వాయించేదాన్ని, టీచరు రాగానే ఆపేసేదాన్ని. అది ఆయనకెలా చెప్పను?

"మా చెవులమ్మ," అంది అక్క, నా భుజం చుట్టూ చెయ్యి వేసి. ఆ పేరు అక్కడ పుట్టింది. ఇంటికొచ్చాక అందరూ అలాగే పిలిచారు. అన్నం వడ్డిస్తూ పిన్ని అంది, "దాని చేతులూ, దీని చెవులూ. రెండూ కలిపితే ఒక మనిషి తయారవుతుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పక్కింటివాళ్ళతో బాబాయ్ చెప్పడం మర్నాడు విన్నాను. "మా అమ్మాయికి మంచి సింబల్స్ దొరికాయండీ. చీలిందాన్ని అంటగట్టబోతే ఇట్టే పట్టేసింది."

ఎవరు పట్టారో చెప్పలేదు. కావాలని మానేసి ఉండడు. ఆయన కథలో అంతమందికి చోటు లేదు, అంతే.

స్నేర్ వచ్చేదాకా అక్క సాధన సింబల్స్ మీదా, రెగ్జిన్ బిగించిన చెక్క మీదా. ఆ వారం బాబాయ్ వెనకగది గోడలకీ, కప్పుకీ, తలుపుకీ పాత సోఫాల స్పాంజి కొట్టాడు. ఇంటి ఓనర్లకి వినపడితే ఖాళీ చెయ్యమంటారని పిన్ని భయం. తలుపుకి రెండు వరసలు వేసేసరికి అది ఎంత లావయిందంటే, మూయాలంటే భుజంతో నెట్టాలి. "లోపల ఏనుగు ఘీంకరించినా బయటికి రాదు," అన్నాడు బాబాయ్. అది నిజమో కాదో ఎప్పుడూ పరీక్షించలేదు. ఎందుకంటే అక్క తలుపు మూసేది కాదు. గడప దగ్గర నేను కూర్చుంటాను. తలుపు మూసుకుపోకుండా కింద ఒక రెగ్జిన్ చుట్ట దూరుస్తాను. జానెడు సందులోంచి వింటూ, ఎక్కడ వేగం పెరిగిందో, ఎక్కడ ఎడమచెయ్యి నీరసించిందో నోటుపుస్తకంలో రాస్తాను. వాయించడం అయ్యాక అక్క వచ్చి, చెమట తుడుచుకుంటూ, నా పక్కన కూర్చుని నేను రాసింది చదువుకుంటుంది.

"నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నే?" అనేది.

ఒకసారి స్టూలు మీంచి లేచి పుల్లలు నా చేతికివ్వబోయింది. "నువ్వూ ఒకసారి కొట్టు."

పిన్ని, మేస్త్రి అటే చూస్తున్నారు. "వద్దక్కా," అన్నాను. ఇంకోసారి అడిగితే తీసుకుందామనుకున్నాను. ఆమె సరేనని మళ్ళీ కూర్చుంది. ఆ పుల్లల వంక ఎంతసేపు చూశానో. ఇంకోసారి అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

*

స్నేర్ కోసం వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది. తాతయ్య బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి స్టీలుది. మొహం చూసుకోవచ్చు. ఇంకొకటి చెక్కది, పాతది. అంచున ఒక మర పోతే వేరేది బిగించాడు. అది మిగతావాటితో కలవలేదు.

"రెండిటికీ ధర ఒకటే. చూపులకి చాలా తేడా ఉంది, అది పట్టించుకోకండి."

"ఏది మంచిది తాతయ్యా?" అంది అక్క.

"నన్నడిగితే రెండూ కొనమంటాను. చూడమ్మా, వాయించేవాళ్ళకి తమ డ్రమ్ము సరిగ్గా వినపడదు. దెబ్బంతా మొహం మీదే పడుతుంది. దూరంగా నిలబడ్డవాళ్ళకే అసలు సంగతి తెలిసేది. నువ్వు చెవులమ్మని తెచ్చుకున్నావుగా. పంపు రోడ్డుకి అటు."

ఆయన పద్ధతి ఏమిటంటే, వినేవాళ్ళు రోడ్డు దాటి ఎదుటి గోడవైపు తిరిగి నిలబడాలి. చూస్తే కళ్ళు చెవులకి అబద్ధం చెబుతాయట. ఒక్కో డ్రమ్ము మూడుసార్లు మోగుతుంది. ఏది నచ్చితే దాని తర్వాత కుడి చెయ్యి ఎత్తాలి.

రోడ్డు దాటాను. మూసి ఉన్న షట్టరు పక్కన గోడ. అటు తిరిగాను. మా బళ్ళో పాఠం అప్పగించలేనివాళ్ళని అలాగే నిలబెట్టేవాళ్ళు. వెనకనుంచి తాతయ్య గొంతు వినిపించింది. "ఏం మణికట్టమ్మా నీది! ఇలాంటి చేతులు చూసి ఎన్నాళ్ళయిందో." అక్క నవ్వింది. మొహమాటపడుతూనే, చాలా సంతోషంగా. తర్వాత, "చెవులమ్మా, రెడీనా?" అని కేకేసింది. సైకిలు మీద పోతున్నవాళ్ళెవరో, "చెవులమ్మంట రోయ్," అని నవ్వుకుంటూ వెళ్ళారు.

మొదటిది మోగింది. మూడు దెబ్బలు. ఒక్కోటి పుస్తకం ఠక్కున మూసినట్టు పడింది. చివర తీగలు సర్దుకునే చప్పుడు, చాటలోంచి ఇసుక జారినంత. ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ.

రెండోది మోగింది. గట్టిగా, హుషారుగా. కానీ దెబ్బ అయిపోయాక సన్నటి కూత మిగిలింది. రోడ్డు మీద ఆ కూత గాల్లో కలిసిపోయింది. హాల్లో కలవదు. మా బడి గంట రేకుల షెడ్డులో కట్టి ఉండేది. అది కొట్టాక సారు చెప్పే మాట ఎంతసేపటికీ వినపడేది కాదు. ఇదీ అంతే. ఆలోచించాల్సినంత కూడా లేదు.

నాకు తెలుసు. తెలిసే గోడకి మొహం పెట్టి నిలబడ్డాను.

నా చెయ్యి రెండోదానికి లేచింది.

"వరస మారుస్తున్నా," అని అరిచాడు తాతయ్య. ఈసారి కూత ముందొచ్చింది. దానికే ఎత్తాను. ఇసుక జారింది. కదల్లేదు.

తిరిగొచ్చేసరికి తాతయ్య చెక్కదాని మీద చెయ్యి వేసి ఉన్నాడు. "రెండుసార్లూ స్టీలుకే ఎత్తావు. నిజమేనా తల్లీ?"

తలూపాను.

ఆయన నా మొహంలో ఏదో వెతికాడు. "సరే, చెవులు నీవి," అంటూ స్టీలుదాన్ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "పదిహేను రోజులు చెక్కది పక్కన పెడతాను. మనసు మారితే తెచ్చి మార్చుకోండి. ఆపైన ఎవరడిగితే వాళ్ళకి."

"మారదు తాతయ్యా. అదే అనిపించింది నాకూ. ఎంత మెరుస్తోందో," అంది అక్క.

ఆ రోజు డైరీలో ఒక్క ముక్కే ఉంది. స్టీలుది కొన్నాం. నేనేదో కొన్నట్టు.

*

వెనకగదిలో అది అద్భుతంగా మోగింది. నేను అనుకోనిది అదే. గోడల నిండా, కప్పు నిండా స్పాంజి. ఎంత కూతనైనా మింగేస్తుంది. బాబాయ్ పనితనం నా అబద్ధాన్ని దాచిపెట్టింది.

"భలే ఉంది కదే?" అంది అక్క సందులోంచి.

"భలే ఉందక్కా."

ఆ మాట అంటున్నప్పుడు అది అబద్ధం కాదు. ఆ గదిలో నిజంగా భలే ఉంది. రోజూ అక్క మొహం వెలిగిపోతుంటే చూస్తూ, నా దగ్గర ఉన్న రహస్యం ఆమెకి తెలియదు కదా అనుకునేదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే. సిగ్గుగానే ఉండేది. అయినా పడుకునే ముందు దాన్ని తడిమి చూసుకునేదాన్ని, దాచుకున్న రూపాయి బిళ్ళలాగా.

డ్రమ్ము కొన్న పన్నెండో రోజున మేస్త్రి ఒక సోఫా చట్రాన్ని వెనకగది గోడకి ఆనించి మేకులు కొడుతున్నాడు. ఎడమ అరచెయ్యి చట్రం మీద ఉంది. అక్క వాయించడం ఆపి నీళ్ళు తాగడానికి బయటికొచ్చింది. మేస్త్రి సుత్తి ఆపి ఆమెని చూశాడు. తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు.

"పాప కొట్టడం ఆపేసినా, ఇది ఆపట్లేదే," అన్నాడు.

"ఏది?" అని అరిచాడు బాబాయ్.

"డ్రమ్ము. అదురుతానే ఉంది."

బాబాయ్ పడీపడీ నవ్వాడు. "విన్నారా? వినపడనాయన డ్రమ్ముకి వంక పెడుతున్నాడు!"

"చెయ్యి చెబుతోంది బాబూ. చెవితో పనేముంది?" అన్నాడు మేస్త్రి.

అక్క మాత్రం నవ్వలేదు. గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగింది. "నిజమేనా? ఇంకా మోగుతోందా?"

బాబాయ్, పిన్ని, మేస్త్రి కూడా నన్నే చూశారు. ఆ ఇంట్లో అందరూ ఒక్కసారిగా నన్ను చూడడం అదే మొదటిసారి. చెప్పడానికి ఇంకా మూడు రోజులుంది. ఒక్క మాట చాలు. మార్చుకొద్దామక్కా అంటే చాలు.

"లేదక్కా. చట్రం వదులుగా ఉందేమో," అన్నాను.

"చట్రమా! నేను బిగించిన చట్రమా!" అన్నాడు మేస్త్రి. ఈసారి నా మాట మాత్రం పూర్తిగా విన్నట్టున్నాడు.

"నువ్వు చెప్పావుగా, చాలు," అంది అక్క. నీళ్ళు తాగి లోపలికి వెళ్ళింది.

పదహారో రోజు పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఇక చెప్పినా లాభం లేదు.

*

హాల్లో ఇనప కుర్చీలు, వేదిక మీద తెల్లటి తెర. వాయించేవాళ్ళు తెర వెనక కూర్చుంటారు. ఎవరు వాయిస్తున్నారో తెలియకుండా వినాలని బృందం నడిపే మేడమ్ పద్ధతి. తెర ముందు ఒకామె నిలబడి అందరికీ ఒకే పాట పాడుతుంది. ఐదుగురు వచ్చారు. అక్క మూడో మనిషి. పిన్ని, బాబాయ్ రాలేదు. వస్తే తనకి చెయ్యి వణుకుతుందని అక్కే వద్దంది. నన్ను మాత్రం రమ్మంది. స్టూలు నేను మోశాను.

మూడో పేరు పిలిచారు. అక్క మొదలుపెట్టింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఎడమచెయ్యి ఎంత బాగా వచ్చిందో. కానీ ఒక్కో దెబ్బ తర్వాత ఆ కూత లేచి, ఆ పెద్ద హాలంతా తిరిగి, కిందికి దిగేలోపు ఇంకో కూత లేచింది. పాడే ఆమె ప్రతి వరస చివరి మాటా అందులో కొట్టుకుపోయింది. ఆమె ఒకసారి తెరవైపు తిరిగి చూసింది.

మేడమ్ చెయ్యి ఎత్తింది. "ఆ గోల ఏమిటి? ఎవరైనా దాని మీద ఏదైనా పెట్టండి."

ఒకామె తన పర్సు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. డ్రమ్ము మీద పర్సు పెట్టాక కూత ఆగింది. దాంతోపాటు అన్నీ ఆగిపోయాయి. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. అక్క పాట చివరిదాకా అలాగే వాయించింది.

వచ్చి నా పక్కన కూర్చుంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "నేను బాగానే వాయించాను కదే?"

"చాలా బాగా వాయించావక్కా."

"మరి ఏమైంది?"

నేను తెరవైపు తిరిగాను. నాలుగో ఆమె వాయించి వెళ్ళింది. ఐదో ఆమె ఎవరో తెర వెనక సర్దుకుంటున్నట్టు స్టాండు చప్పుడు. తర్వాత, సరిచూసుకోవడానికి కాబోలు, ఒకే ఒక్క దెబ్బ.

ఠక్. ఇసుక. ఖాళీ.

"అదే!" అన్నాను.

నా నోటినుంచి అంత గట్టిగా మాట రావడం నేనే ఎప్పుడూ వినలేదు. మొహం కూడా విప్పారి ఉంటుంది.

"ఏది అదే?" అంది అక్క.

"చెక్కది. తాతయ్య దగ్గర మనం చూశామే, అది. వేరే మర బిగించింది." గర్వంగా చెప్పాను. ఒక్క దెబ్బకే పట్టేశాను కదా. తెర వెనక ఉన్నా పట్టేశాను కదా.

పాట మొదలైంది. పాడే ఆమె గొంతులోని ప్రతి మాటా చివరిదాకా వినిపించింది.

తెర వెనక ఉన్నది నీకెలా తెలిసిందని అక్క అడగలేదు. ఆమె నా మొహం వైపు కూడా చూడలేదు. ఒళ్ళో ఉన్న నా కుడి చెయ్యి వైపు చూసింది. పాట అయ్యేదాకా చూస్తూనే ఉంది. నేను మెల్లగా దాన్ని ఎడమచేతి కిందికి లాక్కున్నాను.

ఐదో ఆమెని తీసుకున్నారు. వెళ్ళేటప్పుడు మేడమ్ అక్క దగ్గరికి వచ్చింది. "చెయ్యి చాలా మంచిదమ్మా. డ్రమ్మే కాస్త తెలిసినవాళ్ళతో చూపించుకుని కొనాల్సింది," అంది.

"అవునండీ," అంది అక్క.

దారిలో ఆమె నా చేతిలోంచి స్టూలు తీసుకుంది. ఒక భుజాన డ్రమ్ము, ఇంకో భుజాన సింబల్స్, చేతిలో స్టూలు, పెడల్. నేను ఖాళీ చేతులతో వెనక నడిచాను. ఆమె ఎక్కడా ఆగలేదు.

గుమ్మంలోనే బాబాయ్ ఎదురొచ్చాడు. "ఏమైంది? ఏమన్నారు?"

నేను అక్క వెనక నిలబడి ఉన్నాను.

"హాలు పెద్దది నాన్నా," అంది అక్క. "నాకు అలవాటు లేదు."

"అంతే కదా! వచ్చే ఏడాది చూసుకుందాం. ఏడవకు," అంది పిన్ని. అక్క ఏడవడం లేదు. పిన్నే ఏడ్చేలా ఉంది. బాబాయ్ స్టూలు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎత్తు సరిపోలేదేమోనని మళ్ళీ టేపు కోసం వెళ్ళాడు.

మర్నాడు పొద్దున నా సంచీ సర్దుకున్నాను. సాయంత్రం బస్సు. పలహారం అయ్యాక అక్క ఎప్పటిలాగే వెనకగదిలోకి వెళ్ళింది. నేను నోటుపుస్తకం తీసుకుని గడప దగ్గర కూర్చుని, తలుపు కింద రెగ్జిన్ చుట్ట దూర్చాను. చెప్పెయ్యాలనుకున్నాను. మొదటి మాట ఏదో రాత్రే డైరీలో రాసి పెట్టుకున్నాను.

అక్క స్టూలు మీంచి లేచి వచ్చింది. వంగి ఆ చుట్ట లాగి, దుమ్ము దులిపి, గోడవార పెట్టింది.

"అక్కా," అన్నాను.

"చేతులు తీసుకో. నలుగుతాయి."

తీసుకున్నాను. ఆమె లోపలినుంచి భుజంతో నెట్టింది. స్పాంజి స్పాంజిని ఒత్తుకుని, లోపలి గాలి ఉస్సుమంటూ నా మొహాన కొట్టి, తలుపు మూసుకుపోయింది. చెవి ఆన్చాను. బాబాయ్ చెప్పింది నిజమే, ఏమీ లేదు. మేస్త్రిలాగా అరచెయ్యి ఆన్చాను. అదురుతోంది. ఆగి, మళ్ళీ అదురుతోంది. దెబ్బ ఆగాక కూడా.